మిషను లెక్కపెట్టలేని శౌరయ్య

ఆటోనగర్‌లో లారీ సీట్లకు రెగ్జిన్ కవర్లు కుట్టే శౌరయ్యకు, యాభై ఆరేళ్లు వచ్చేదాకా గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆ ఏడు చర్చివాళ్లు వైద్య శిబిరం పెట్టారు. మూడు నెలల షుగరు సగటు చెప్పే ఏవన్‌సీ పరీక్షలో అతనికి నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. భార్య అమలమ్మకు ఎనిమిది పాయింట్ రెండు.

"చూశావా, నీ దాంట్లో సగం!" అన్నాడు శౌరయ్య. ఆ కాగితానికి ప్లాస్టిక్ కవరు తొడిగించి జేబులో పెట్టుకు తిరిగాడు.

అప్పట్నుంచి పెళ్లి భోజనాల్లో అమలమ్మ విస్తట్లో లడ్డూ కూడా అతనే తినేవాడు. "నీ ఆరోగ్యం కోసమే" అనేవాడు. టీకొట్టు దగ్గర షుగరున్నవాళ్లంతా చుట్టూ చేరి కిటుకు అడిగారు. ఏమీ లేదనడానికి నోరు రాక, అప్పటికప్పుడు ఒకటి తయారుచేశాడు: పొద్దున్నే వెనక్కి నడవాలి. వారం తిరక్కుండా పదకొండు మంది వెనక్కి నడుస్తున్నారు. వాళ్లలో స్ప్రింగుపట్టీలమ్మే తిరుపతిరావు ఆగివున్న టిప్పరుకు వీపు తగిలి, దానికి "సారీ అండీ" కూడా చెప్పాడు.

శౌరయ్యకు మాత్రం దాహం ఎక్కువైంది. షాపులో నీళ్ల క్యాను సగం అతనొక్కడే ఖాళీ చేసేవాడు, గంటకోసారి బాత్రూముకు పరిగెత్తేవాడు. అడిగితే "ఎండలండీ" అనేవాడు. డిసెంబరులో కూడా ఎండలే. చివరికి చూపు మసకబారి, ఒక కవరుకు జిప్పు లోపలివైపు కుట్టేసరికి, అమలమ్మ అతన్ని డాక్టర్ ఉదయభాస్కర్ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు మరో ల్యాబులో, వేరే రకం మిషను మీద పరీక్ష చేయించాడు. రిపోర్టులో అంకె లేదు. హిమోగ్లోబిన్ మామూలు రకం కాదు, ఫలితం ఇవ్వలేము అని రాసివుంది.

శౌరయ్య ఛాతీ పొంగింది. "నన్ను మిషనే లెక్కపెట్టలేకపోయిందండీ!"

డాక్టరు అతని వేలు పొడిచి చూశాడు. మూడొందల పన్నెండు.

"రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో చూసి ఆ సగటు చెబుతారండీ. మీ హిమోగ్లోబిన్ పుట్టుకతోనే కొంచెం వేరు. దాంతో మీకేమీ ప్రమాదం లేదు. కానీ కొన్ని మిషన్లు దాన్ని చూసి తికమకపడి తక్కువ చూపిస్తాయి. మీకు షుగరుంది. ఎప్పట్నుంచో ఉండివుంటుంది."

"మరి నాలుగు పాయింట్ ఒకటి?"

"తప్పండీ."

శౌరయ్య జేబులోంచి కాగితం తీసి చూపించాడు. "ప్లాస్టిక్ కవరు కూడా తొడిగించానండీ" అన్నాడు నీరసంగా.

అమలమ్మ నవ్వు మొదలుపెట్టింది. ఎంతకీ ఆపకపోయేసరికి నర్సు వచ్చి తొంగిచూసింది.

ఇకమీదట అతనికి ఆ పరీక్ష పనికిరాదనీ, వేలు పొడుచుకుని చూసుకుంటూ మందులు వాడాలనీ డాక్టరు చెప్పాడు. మర్నాడు టీకొట్టు దగ్గర శౌరయ్య నిజం ఒప్పుకున్నాడు.

"ఏమోనండీ, నాకు మాత్రం తగ్గింది" అన్నాడు తిరుపతిరావు. ఎటు నడిచినా నడకే కదా. వాళ్లు మానలేదు గానీ, శిక్షగా శౌరయ్యను వరసలో ఆఖర్న నిలబెట్టారు. నడిచేది వెనక్కి కాబట్టి అతనే ముందయ్యాడు.

మరో పరీక్షలో అతని హిమోగ్లోబిన్ 'డి' రకమని తేలింది. ఇది వంశంలో వచ్చేది, తోడబుట్టినవాళ్లూ చూపించుకుంటే మంచిదన్నారు. శౌరయ్య చల్లపల్లిలో ఉన్న అక్క మాణిక్యమ్మకు ఫోను చేశాడు.

"నీది ఏ రకమన్నార్రా?"

"డి అంటక్కా."

"నీకే డి అయితే, పెద్దదాన్ని, నాకు బి అన్నా రాదా?" అని ఆవిడ ఆ పూటే ల్యాబుకు వెళ్లింది.

ఆవిడది పూర్తిగా మామూలు రక్తం.

"చిన్నప్పట్నుంచీ నాన్న ఏదైనా నీకే ఇచ్చేవాడు, ఇదీ నీకే ఇచ్చాడు" అని ఫోనులో ఏడ్చింది. ఓదార్చాలో గర్వపడాలో శౌరయ్యకు తెలియలేదు. కాసేపు గర్వపడి, ఆ తర్వాత ఓదార్చాడు.