కాలువ మలుపు దగ్గర చెప్పిన సగం మాట

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది పైకి పెద్ద బరువులా కనిపించదు. నేను ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక మాట చెప్పాను, అంతే. అది అబద్ధం కూడా కాదు. అందుకే కాబోలు ఇంత కాలం దాచుకోగలిగాను. అబద్ధమైతే ఎప్పుడో ఒకనాడు బయటపడేది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇద్దరికీ అదే నయం. కాస్త ఓపిక పట్టి వినండి.

మా బొగ్గు గని కాలనీ గేటు పక్కన ఒక చాయ్ హోటల్ ఉంది. డ్యూటీ దిగినవాళ్లు, డ్యూటీకి పోవాల్సినవాళ్లు, ఇక ఎప్పుడూ పోనవసరం లేనివాళ్లు, అందరూ అక్కడ చేరతారు. మా బల్ల మీద ఎప్పుడూ నడిచే ముచ్చట సైకిల్ పందేలు. ఏటా కార్మికుల ఆటల పోటీల్లో సైకిల్ పందెం ఉండేది. గేర్లవీ గీర్లవీ కావు, డ్యూటీకి తొక్కుకుపోయే నల్ల సైకిళ్లే. గెలిచినవాళ్ల గురించి మేం పెద్దగా మాట్లాడుకోం. గెలిచినవాడి గురించి ఏం చెప్తాం, ముందు వచ్చాడు అంటాం, ముచ్చట అయిపోతుంది. మాకు కావలసింది ఓడినవాళ్లు. పంచె గొలుసులో చిక్కుకుంటే దాన్ని అక్కడే వదిలేసి నిక్కరుతో పందెం ముగించిన పోశం. కొత్త బూట్లకు దుమ్ము పడుతుందని రోడ్డు అంచున ఒద్దికగా తొక్కిన ఎలక్ట్రీషియన్. ఏటా చివర వచ్చి, ఒక ఏడు ఎవడో పడిపోతే చివరి నుంచి రెండోవాడైనందుకు అందరికీ చాయ్ తాగించిన మహానుభావుడు. గనిలో పైకప్పుకు కర్రలు పెట్టే పని చేసి రిటైరైన కొమురయ్య కాక ఇవి చెబుతుంటే, రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన సుబ్బారావు గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వేవారు.

ఈ వరసలో ఆఖరున వచ్చే పేరు రాజయ్య. అందరికన్నా ముందున్నవాడు, గెలవబోతున్నవాడు, సగం దారిలో సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎందుకంటే ఇంట్లో కాల్చిన బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, చల్లారిపోతుందని. సర్వపిండి రాజయ్య. ఆ పేరు రాగానే బల్ల మీద గ్లాసులు కదిలేవి. నేనూ నవ్వేవాణ్ణి. అందరికన్నా కొంచెం ఎక్కువసేపే నవ్వేవాణ్ణి.

ఆ పేరు పెట్టింది నేనే.

రాజయ్య బొగ్గు నింపే కార్మికుడు. నాకన్నా కొన్నేళ్లు పెద్ద, రాజన్నా అని పిలిచేవాణ్ణి. గనిలో వంగి వంగి నడుము పట్టేసింది. సైకిల్ ఎక్కితే మాత్రం ఆ నడుముకు ఏమయ్యేదో తెలియదు, నిటారుగా అయిపోయేవాడు. మా ఏరియా పందెంలో మొదట వచ్చినవాణ్ణి పెద్ద పోటీలకు పంపేవారు. అలా వెళ్లినవాళ్లకు ప్రాక్టీసు పేరుతో సర్ఫేస్ డ్యూటీ, అంటే గని పైన పని ఇచ్చేవారు. పోటీలు అయిపోయాక కూడా చాలామంది ఆ పైపనిలోనే ఉండిపోయేవారు. రాజయ్యకు కావలసింది కప్పు కాదు, ఆ పైపని. కిందికి దిగే పని ఇంకా కొన్నాళ్లు చేస్తే మంచం పట్టడమేనని దవాఖానలో చెప్పారట.

ఆ పైపని కావలసిన రెండోవాడు మా బావ మల్లేశం. మా అక్క భర్త. ఆయన పక్కన పని చేస్తున్న మనిషి మీద పైకప్పు కూలింది. బావకు గీత కూడా పడలేదు, కానీ ఆ రోజు నుంచి గని లోపలికి దిగాలంటే కాళ్లు వణికేవి. డ్యూటీకని బయల్దేరి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు. నాగాలు పెరిగాయి. ఇలాగైతే పేరు తీసేస్తామని చెప్పారు. అక్క మా ఇంటికొచ్చి ఏడవలేదు. కూర్చుని నా మొహం వంక చూసింది. ఆ చూపు ఏడుపు కన్నా కష్టం.

ఇద్దరికీ ఆ పని కావాలి. ఎవరికి ఎక్కువ కావాలో తూచే హక్కు నాకెక్కడిది?

నా పని లైట్ల గదిలో. గనిలోకి దిగే ప్రతి మనిషీ మా కిటికీ దగ్గర టోపీ లైటు తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక అక్కడే ఇచ్చి ఇంటికి పోతాడు. షిఫ్టు అయ్యాక ఏ లైటు రాకపోతే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. మా దగ్గర ఎవరి గురించైనా 'లైటు రాలేదు' అంటే దాని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట ఎవరూ హాస్యానికి అనరు. వినడానికి కూడా ఇష్టపడరు. గనిలోకి దిగే మనిషి గురించి ఆ మాట ఒక్కసారి నోట పలికితే అది ఎప్పుడో నిజమవుతుందని మా వాళ్ల భయం.

పందెం రోజు నాది రాత్రి షిఫ్టు. రాజయ్య తమ్ముడు సమ్మయ్యదీ అదే షిఫ్టు. పొద్దున అందరూ లైట్లు ఇచ్చి వెళ్లారు, సమ్మయ్యది రాలేదు. నేను కంగారు పడేలోపే షిఫ్టు చూసే ఓవర్‌మెన్ కిటికీ దగ్గరకొచ్చి, లోపల పంపు చెడిపోయిందని, సమ్మయ్యను డబుల్ డ్యూటీకి ఆపామని చెప్పి పోయాడు. సరే అన్నాను. డ్యూటీ దిగి ఎర్ర గుడ్డ పట్టుకుని నేరుగా కాలువ మలుపుకు వెళ్లాను. పందెగాళ్లకు తిరిగే చోటు చూపించడం నా వంతు. అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

రాజయ్య ముందు కనిపించాడు. వెనక రోడ్డు ఖాళీ. చాలా వెనక బావ. బావ తల వంచుకుని తొక్కుతున్నాడు, గెలిచే మనిషి తొక్కినట్టు లేదు. నాకు అక్క గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చిందా, లేక నాకు నేను చెప్పుకోవడానికి తర్వాత కల్పించుకున్నానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అదే అడుగుతున్నాను. ముందే అనుకుని చేశానా అంటే లేదు. ఆ మాట నోట్లోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కానీ వచ్చాక ఆపుకోవడానికి సమయం ఉంది. ఆపుకోలేదు.

రాజయ్య మలుపు తిరుగుతుంటే అన్నాను. "రాజన్నా, సమ్మయ్య లైటు రాలే."

నిజమే కదా? రాలేదు. పంపు సంగతి చెప్పలేదు, అంతే.

ఆయన ఒక కాలు నేల మీద పెట్టాడు. ఏమిటని అడగలేదు, ఎప్పుడని అడగలేదు. మా దగ్గర అలాంటి మాట విన్నాక ఎవరూ నిలబడి వివరాలు అడగరు, ఉన్నవాళ్లు ఉన్నట్టే గని వైపు ఉరుకుతారు. అడిగి ఉంటే బహుశా చెప్పేసేవాణ్ణి. ఆయన సైకిల్ తిప్పి గని దారి పట్టాడు. పందెంలో తొక్కినదానికన్నా వేగంగా తొక్కాడు. ఆ తర్వాత బావ వచ్చాడు. నేను ఎర్ర గుడ్డ ఊపాను.

సాయంత్రం అందరూ నన్నే చుట్టుముట్టారు. మలుపులో ఉన్నది నువ్వే కదా, రాజయ్య ఎందుకు పోయాడు అని. ఏదో ఒకటి చెప్పాలి. "ఏమో, ఇంట్ల సర్వపిండి చల్లారుతదని పోయిండేమో" అన్నాను. ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతున్నవాళ్లు మళ్లీ ప్రశ్న వేయరని ఆ రోజే నాకు తెలిసింది.

ఆ మరుసటి డ్యూటీకి రాజయ్య మా కిటికీ దగ్గరకొచ్చాడు. నిజం చెప్పాలంటే నేను మొహం చాటేయాలని చూశాను. ఆయన వెనకవాళ్లను ముందుకు పంపి, ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగాడు.

"తమ్మీ, నువ్వు చెప్పినప్పుడు సమ్మని లైటు నిజంగనే రాలేదు గదా?"

"రాలే అన్నా."

"పంపు కాడ ఆపిన్రట. బాయి కాడ నేను ఎవ్వర్నీ అడగలే, వాడు పైకొచ్చినంక తెలిసింది."

నేను లైట్ల మీద నంబర్లు చూస్తున్నట్టు తల వంచాను.

"నువ్వు మంచిదే చేసినవ్. ఇంకొకడైతే పందెం అయ్యేదాంక చెప్పకపోతుండె" అన్నాడు. తర్వాత ఇంకా గొంతు తగ్గించాడు. "గీ ముచ్చట ఎవ్వరికీ చెప్పకు. సమ్మనికి గూడ. రోజూ బొగ్గు బాయిల దిగేటోడు. గా మాట వాని చెవుల పడొద్దు."

"మరి అందరు నవ్వుతున్రు గదనే?"

"నవ్వనియ్. వాడు పైకొచ్చిండు. నాకంతే చాలు."

లైటు తీసుకుని దిగిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. నాకు మంచివాడని పేరు పెట్టి వెళ్లాడు. నేను ఆయనకు సర్వపిండి అని పెట్టాను. ఇద్దరం ఆ పేర్లతోనే ఇన్నేళ్లు బతికాం.

బావకు పైపని వచ్చింది. మనిషి మళ్లీ మనిషయ్యాడు. అక్క ఇంట్లో నవ్వులు వినిపించాయి. వాటిని విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదని చెబితే అది మరో అబద్ధం. రాజయ్య ఇంకా చాలా ఏళ్లు కిందికి దిగాడు. చివరికి నడుము పూర్తిగా పోయాక పని మానేసి గోదావరి అవతల, మంచిర్యాల దగ్గరి తన ఊరికి వెళ్లిపోయాడు. ఆయన భార్యను నల్లా దగ్గర ఆడవాళ్లు 'సర్వపిండి కాల్చినవా అక్కా' అని అడిగేవారట. ఆమెకూ ఆయన అసలు సంగతి చెప్పలేదు. అన్నీ తెలిసి నేను బల్ల మీద కూర్చుని ఆ కథకు ఏటేటా ఉప్పూ కారం కలిపాను. ఒకసారి సర్వపిండి మీద నువ్వులు చల్లాను. ఇంకోసారి పల్లీలు వేశాను. ఎందుకు? ఎవరూ అడగలేదే? కథ రుచిగా ఉన్నంత కాలం ఎవరూ దాని కింద ఏముందో చూడరన్న ధీమానా? లేక ఆయనను ఇంకొంచెం చిన్నవాణ్ణి చేస్తే నేను చేసింది కూడా చిన్నదవుతుందనా? రెండూ కావచ్చు.

తెలంగాణ వచ్చిన ఏడు సమ్మయ్యకు సర్ఫేస్ డ్యూటీ వచ్చింది. ఇక కిందికి దిగే పని లేదు. ఆ సంతోషంలో దావత్ ఇచ్చాడు. అన్నను ఊరి నుంచి పిలిపించాడు. కర్ర పట్టుకుని వచ్చాడు రాజయ్య. కొమురయ్య కాక అలవాటు ప్రకారం పందెం ముచ్చట ఎత్తాడు. అందరూ నవ్వారు. అప్పుడు సమ్మయ్య కూడా నవ్వుతూ అన్నాడు. "మా అన్నకు తిండి ముంగట ఏదైనా దిగదుడుపే."

ఎవరి కోసం పందెం వదిలి పోయాడో ఆ తమ్ముడే. రాజయ్యకు ఇక భయం లేదు, తమ్ముడు పైకొచ్చేశాడు, ఆ మాట చెప్పినా దోషం తగలదు. చెబుతాడనుకున్నాను. ఆయన కూడా చిన్నగా నవ్వి, అన్నం ముందుకు జరుపుకున్నాడు. నా చేతిలో ముద్ద నోటి దాకా రాలేదు.

రాజయ్య తిరిగి వెళ్లిన మరునాడు నేనూ బస్సెక్కి ఆయన ఊరు వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఓవర్‌మెన్ వచ్చి చెప్పింది, నేను సరే అన్నది, బావ వెనక వస్తుంటే చూసింది, సర్వపిండి. అక్క సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పలేదు. చెబితే అది సాకు అవుతుంది.

రాజయ్య ఒక్కటే అడిగాడు. "పంపు సంగతి నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే అన్నా."

ఆయన మొహం మారింది. ఇన్నేళ్లలో ఆ మొహంలో కోపం చూడటం అదే మొదటిసారి. కర్ర అందుకుని లేచి, నెమ్మదిగా లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ బయటకు రాలేదు. కాసేపటికి ఆయన భార్య వచ్చి, ఏమీ తెలియనిదానిలా, చాయ్ తాగి పొమ్మంది. వద్దని చెప్పి వచ్చేశాను.

ఆ వారంలోనే హోటల్ బల్ల దగ్గర కూడా చెప్పాను. కొమురయ్య కాక గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సుబ్బారావు గారు లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు నేను వెళ్తే మాట్లాడతారు కానీ పందేల ముచ్చట రాదు. సమ్మయ్య మాత్రం నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు. బావకు ఇంకా చెప్పలేదు. ఆ మనిషి జీవితంలో గెలిచింది అదొక్కటే. చెప్పకపోవడం న్యాయమా, మళ్లీ పాత అలవాటేనా, నాకు తేలడం లేదు. మీకు తేలితే మీ దగ్గరే ఉంచుకోండి.

క్షమించమని నేను రాజయ్యను అడగలేదు. అందుకోసం వెళ్లలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సు గోదావరి వంతెన ఎక్కగానే నిద్ర పట్టేసింది. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. కండక్టర్ తట్టి లేపితే గానీ మెలకువ రాలేదు. సిగ్గు పడాల్సిన రోజు అంత హాయిగా ఎలా నిద్రపోయానా అని తర్వాత ఆలోచించాను. రాజయ్యకు నా మీద కోపం వచ్చింది. ఆ కోపం ఆయనది. ఆయన దగ్గర లాక్కున్నది పందెం ఒక్కటే అనుకున్నాను గానీ, ఇన్నేళ్లూ ఆయనకు రావలసిన ఆ కోపాన్ని కూడా నేనే దాచిపెట్టుకున్నాను. ఇచ్చి వచ్చాను.