ఆరో రౌండుకు ముందే చెప్పిన సాక్ష్యం

నాలుగు నెలల్లో ఐదు ఇంటర్వ్యూ రౌండ్లు. ప్రతిసారీ ఫోన్ తెర మీద కొత్త ముఖం, అదే పాత ప్రశ్న: "మీ గురించి చెప్పండి." ఒక శని, ఆదివారాలు కూర్చుని వాళ్ళడిగిన ప్రాజెక్టు కూడా చేసి పంపాను. బీదర్‌లో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్ ఈ నెలాఖరుకు మూతపడుతోంది. అందుకే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి, "ఆరో రౌండు ఆఫీసులో, ఉత్త ఫార్మాలిటీ మేడమ్, కంగ్రాట్స్" అనగానే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ ఆదివారమే చిద్రి పేటలోని మా చర్చిలో లేచి, దేవుడు ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పేశాను. మేలు జరిగితే అందరి ముందూ చెప్పి, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి భోజనం పెట్టడం మా పద్ధతి. ఇంటర్వ్యూ శుక్రవారం, కూడిక శనివారం. అమ్మ అరవై మందిని పిలిచింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

శుక్రవారం పొద్దున ఐదున్నరకు బీదర్ బస్టాండులో బస్సెక్కాను. జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరుకు మూడు గంటలు పట్టింది. అక్కడ దిగి గచ్చిబౌలి వైపు సిటీ బస్సు పట్టుకుని, ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా అని ధీమాగా ఆధార్ చూపించాను. కండక్టరమ్మ నవ్వింది.

"ఇది కర్ణాటక ఆధార్ గద అక్కా. ఈడ మా తెలంగాణోళ్లకే ఫ్రీ."

"నేను మాట్లాడేది తెలుగే గద?"

"మాట్లాడితే టికెట్ మాఫ్ గాదక్కా. నలభై ఇయ్యి."

పదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకే ఆఫీసు చేరాను. మెడలో విజిటర్ కార్డుతో ఒంటిగంటన్నర దాకా సోఫాలో కూర్చున్నాను. చివరికి ఒక మేనేజరు లోపలికి పిలిచి, ల్యాప్‌టాప్ తెరిచి, "మీ గురించి చెప్పండి" అన్నాడు. నా ప్రాజెక్టు చూశారా అంటే, "ఏ ప్రాజెక్టు?" అన్నాడు. పది నిమిషాలకు హెచ్‌ఆర్ అమ్మాయి వచ్చి అతనితో ఏదో గొణిగి, నా వైపు తిరిగింది. ఆ పోస్టులోకి బుధవారమే తమ దగ్గర పనిచేసే ఒకరినే తీసుకున్నారట. "మీకు మెయిల్ వచ్చి ఉండాలే మేడమ్" అంది. రాలేదు. ఇప్పటికీ రాలేదు. అయినా "థాంక్యూ" అని లేచి వచ్చాను. ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మూడింటికి పటాన్‌చెరులో తిరుగు బస్సు దొరికింది. జహీరాబాద్ దాటుతుండగా అమ్మ ఫోన్ చేసింది.

"రూతమ్మా, మాంసానికి చెప్పి వస్తున్న. యాడిదాంక వచ్చినవ్?"

"అమ్మా, ఉద్యోగం రాలే."

"పిలిచినోళ్లను ఇప్పుడు రావద్దంటమా?" అంది మెల్లగా.

"మరి వాళ్లకు ఏం చెప్పాలె?"

"ఉన్నది చెప్పు. మొన్న నువ్వే నిలబడ్డవ్, రేపు గూడ నువ్వే నిలబడు."

శనివారం సాయంత్రం నిలబడ్డాను. ఉద్యోగం రాలేదని, ముందే చెప్పడం నా తొందరపాటని చెప్పాను. మాట మాటకూ ఆమెన్ అనే మా వాళ్ళు ఆ రోజు నోరు విప్పలేదు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి ముగించారు. తర్వాత అందరూ బగారన్నం తింటూ నాతో ఎంతో నెమ్మదిగా, జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. అదే నేను తట్టుకోలేకపోయాను.

బీదర్ నుంచి హైదరాబాదు పెద్ద దూరమేమీ కాదు, పొద్దున వెళ్ళి చీకటి పడేలోగా రావచ్చు. కానీ నా నాలుగు నెలలు వాళ్ళకు ఒక్క మెయిలు పాటి కూడా చేయలేదు. సెంటర్ మూతపడటానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు ఒకటే సలహా: బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి, పోస్టు ఇంకా ఖాళీగానే ఉందని మెయిల్‌లో రాయించుకోండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా మాత్రం నలుగురిలో లేచి నిలబడకండి.