మొదటి గంట లెక్కలు

నేను మనస్తత్వ శాస్త్రం నేర్చుకున్నది రాజమండ్రిలో, 1923 జూలై నుంచి 1925 ఏప్రిల్ వరకు. నర్సీపట్నంలో దాన్ని చెప్పడం మొదలుపెట్టింది 1926 జూన్‌లో. మధ్యలో ఏడాది మా నాన్నగారు మంచాన ఉన్నారు. తేదీలు ముందే చెప్పేశాను గనుక ఇక మిగతాది నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

పదమూడో ఏట నాకు భర్త పోయాడు. ఆ ఇంటికి నేను కాపురానికి వెళ్ళనేలేదు. మా నాన్నగారు తాలూకా కచేరీలో గుమాస్తా. నన్ను ట్రైనింగుకి పంపుతానన్నప్పుడు మా మేనత్త, "దీనికి పాఠాలు చెప్పడం నేర్పిస్తావు సరే. పొద్దున్నే దీని ఎదుటికి పిల్లల్ని ఎవరు పంపుతారురా?" అంది. నాన్నగారు పెట్టె సర్దుకోమని నాతో అన్నారు. నేను సర్దుకున్నాను.

ట్రైనింగు స్కూల్లో ఆ శాస్త్రం చెప్పినావిడ క్రైస్తవురాలు. పాఠమంతా ఇంగ్లీషులో. మాకు అర్థమయ్యే మాటలు మేమే వెతుక్కునేవాళ్ళం. మనసు ఒకచోట నిలపడాన్ని అవధానం అనుకున్నాం, గుర్తుంచుకోవడాన్ని ధారణ అనుకున్నాం. అలవాటుకీ అలసటకీ వేరే మాటలు అక్కరలేకపోయాయి. అలసట పాఠం వచ్చినప్పుడు ఆవిడ మా మీదే పరీక్ష చేశారు. ఒకే రకం లెక్కలు పొద్దున కొన్ని, మధ్యాహ్నం భోజనమయ్యాక కొన్ని ఇచ్చి, తప్పులు మమ్మల్నే గుర్తించుకోమన్నారు. పొద్దున నాకు ఒక్క తప్పూ లేదు. మధ్యాహ్నం ఒకట్ల కూడికలో కూడా తడబడ్డాను. నేను తడబడే రకం కాదు. అందుకే నాకు నమ్మకం కుదిరింది. బుర్ర తేటగా ఉండే మొదటి గంటలోనే పిల్లలకి లెక్కలు చెప్పాలి. కుట్టుపని, బొమ్మలు మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, నా మీద నేను చూసుకున్నది.

నర్సీపట్నంలో నేను చేరిన బడి ఒక పెంకుటింట్లో ఉండేది. ముందు హాల్లో ఆడపిల్లల బడి. వెనక గదిలో పంతులమ్మలు కాబోయేవాళ్ళకి ట్రైనింగు తరగతి. ముందు హాల్లో పిల్లలకి పాఠం చెప్పి చూపిస్తేనే వెనక గదివాళ్ళకి సర్టిఫికెట్టు. వెనక గదిలో మనస్తత్వ శాస్త్రం చెప్పేది నేను. నా పాఠం మధ్యాహ్నం. పొద్దున ప్రార్థన, మొదటి గంట పెద్ద పంతులమ్మగారు చూసుకునేవారు. ఆవిడ నిండుగా బొట్టు పెట్టుకునే ముత్తయిదువ. ఆ ఏర్పాటు అలా ఎందుకుందో నేను రెండేళ్ళపాటు ఆలోచించలేదు. టైంటేబుల్ రాసేది మాత్రం నేనే.

1927 జూన్‌లో ఎస్. రాయవరం నుంచి ఒక ఆమె ట్రైనింగుకి వచ్చింది. మేమంతా రాయవరం అమ్మాయి అనేవాళ్ళం. వ్యవసాయం ఇంటి కోడలు, భర్త పోయి అప్పటికి మూడేళ్ళు, పిల్లలు లేరు. తెల్లచీర, బోడి చేతులు, పెద్ద గొంతు. మరిది ఆమెని ఒక్క ఏడాదికి పంపాడు. సర్టిఫికెట్టు వస్తే ఉద్యోగం. రాకపోతే తిరిగి ఆ ఇంటికే వెళ్ళి పశువులు చూసుకుంటూ, బెల్లం వండే రోజుల్లో పొయ్యి ఎగదోస్తూ ఉండాలి. మళ్ళీ పంపేది లేదని మరిది ముందే చెప్పాడట. "ఆడు సెడ్డోడు కాదండి," అనేది ఆమె. "ఒక్కమాట మీద ఉంటాడు. అదే నాకు బయం."

లెక్కలు ఆమెకి బాగా వచ్చు. అందుకని ఫిబ్రవరిలో ఆమె పాఠాలు చెప్పే వంతు వచ్చినప్పుడు నేను మొదటి గంట లెక్కలు ఆమెకి వేశాను. మార్చి మొదటి వారంలో ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చి ఆ పాఠమే చూస్తారు. పిల్లలు లేని తరగతిలో చెప్పిన పాఠం లెక్కలోకి రాదు.

మొదటిరోజు పొద్దున గంట కొట్టారు. రాయవరం అమ్మాయి బల్ల మీద చింతగింజలు పోసుకుని, సుద్దముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి ఒక్క పిల్లా రాలేదు. వీధికి అవతల ఇంటి అరుగు మీద పిల్లలంతా పలకలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఆడుకోవడం లేదు, గొడవ చేయడం లేదు. రెండో గంట కొట్టగానే అందరూ లేచి బిలబిలమంటూ వచ్చేశారు. ముందు వచ్చింది ఆ అరుగు ఇంటి పిల్లే.

"ఏమ్మా, ఇందాక రాలేదేం?" అని అడిగాను.

"మా యమ్మ ఒద్దంది. బడికి బయల్దేరినప్పుడు ఆయమ్మ ఎదురొస్తే సదువు రాదంట. రెండో గంటకి పెద్ద పంతులమ్మగారు ఉంటారు కదా, అప్పుడు ఎల్లమంది."

రాయవరం అమ్మాయి వింటూనే ఉంది. నవ్వింది. "లెక్కలంటే బయపడి పారిపోయారేమో అనుకున్నానండి. నన్ను సూసేనా. అయితే లెక్కలకి పరవాలేదు."

నేను నవ్వలేకపోయాను. మా మేనత్త అడిగిన ప్రశ్న అయిదేళ్ళకి నా దగ్గరికి వచ్చింది. నా పాఠం మధ్యాహ్నం గనుక ఇన్నాళ్ళూ నన్ను తప్పుకుని పోయింది, అంతే.

రెండోరోజూ, మూడోరోజూ అదే వరస. పెద్ద పంతులమ్మగారు నన్ను పిలిచి, "మార్చేయండి. లెక్కలు రెండో గంటకి పెడదాం. మొదటి గంట నేను తీసుకుంటాను," అన్నారు. ఆవిడ దయతోనే అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. కొత్త టైంటేబుల్ రాయడానికి కాగితం ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం రాయవరం అమ్మాయి మా ఇంటికి వచ్చి, చావిట్లో నిలబడే మాట్లాడింది.

"మార్చకండి, పంతులమ్మగారూ."

"పాఠం రెండో గంటలో అయినా ఇన్‌స్పెక్ట్రెస్ గారు చూస్తారమ్మా. నీ సర్టిఫికెట్టుకి ఢోకా ఉండదు."

"సర్టిఫికెట్టు వస్తాది. ఆ తరవాత? పల్లెటూరి బడికేస్తారు. అక్కడ పంతులమ్మ ఒక్కర్తే. మొదటి గంటా నాదే, ఆకరి గంటా నాదే. ఏ గంటకి ఎల్లమంటారు నన్ను?"

ఆమె సర్టిఫికెట్టు గురించి కాదు, అది చేతికొచ్చిన మర్నాటి పొద్దుటి గురించి అడుగుతోంది. నేను కాగితం మడిచి పక్కన పెట్టాను.

ఆ వారం నా తరగతిలో అలవాటు గురించి పాఠం వచ్చింది. కొత్త అలవాటు పెట్టాలంటే గట్టిగా మొదలుపెట్టాలి, వేళ్ళూనేదాకా ఒక్కరోజు కూడా తప్పిపోనివ్వకూడదు, అని చెప్పాను. రాయవరం అమ్మాయి లేచి, "ఇది పిల్లలకేనా అండీ, తల్లులకి కూడానా?" అని అడిగింది. మిగతావాళ్ళు ఫక్కున నవ్వారు. నేను చదివిన పుస్తకంలో తల్లుల ప్రస్తావన లేదు. కాని మనసు అందరికీ ఒకటే అని దానిలోనే ఉంది. "తల్లులకి కూడా," అన్నాను.

మర్నాడు ఇంకా ఎవరూ వీధి వాకిలి చిమ్మకముందే ఆమె బడికి వచ్చేసింది. గుమ్మంలో నిలబడలేదు. హాల్లో తూర్పు గోడకి ఆనుకుని ఉన్న బల్ల వెనక కూర్చుంది. పిల్లలు ఎప్పటిలాగే అరుగు మీద చేరారు. ఆ ఇంటావిడ వాకిట్లో ముగ్గేస్తోంది. రాయవరం అమ్మాయి కూర్చున్నచోటు నుంచి కదలకుండా కిటికీలోంచి పిలిచింది. నేను వెనక గదిలో ఉండి అంతా విన్నాను.

"అమ్మా, నాను ఎదురు రాలేదు. మీరందరూ లేవకముందే వచ్చి కూకున్నాను. కూకున్నదానికి ఎదురేటి? మీ పిల్లే నాకెదురొస్తాది. శకునం మంచిదే, నాకు."

"మాటలు బాగా నేర్సేవు," అంది ఇంటావిడ ముగ్గు ఆపకుండా.

"మాటలు నేర్పడానికే జీతమిస్తారంటమ్మా, ముందుముందు."

ఇంటావిడ ముగ్గు పూర్తి చేసి నడుం ఎత్తింది. లోపల్నించి ఆవిడ అత్తగారు, ఆవిడా తెల్లచీరే, చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళింది. ఇంటావిడ అటు చూసి, ఇటు చూసి, "మా యత్త మొగం సూడకుండా ఏ రోజు తెల్లారింది గనక," అని గొణుక్కుంది. తరవాత కూతురితో, "ఎల్లు. బేగి ఎల్లు. ఆయమ్మ లేస్తే మాత్రం ఎనక్కొచ్చీ," అంది.

ఆ రోజు ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. రాయవరం అమ్మాయి ఆ ఒక్క పిల్లకే గంటంతా పాఠం చెప్పింది. మర్నాడు మరి కొందరు వచ్చారు. నెలాఖరుకి ముప్పావు వంతు పైగా వస్తున్నారు. ఒప్పందం మాత్రం ఒప్పందమే. ఆఖరి పిల్ల లోపలికొచ్చి కూర్చునేదాకా ఆమె బల్ల వెనక నుంచి లేవకూడదు. లేస్తే ఎదురొచ్చినట్టే. ఒకరోజు ఆమెకి దగ్గు తెర వచ్చి ఊపిరాడకపోతే నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె కూర్చునే తాగింది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు మద్రాసుకి చెందిన తమిళ ఆవిడ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. మొదటి గంట మధ్యలో వస్తానని కబురు పంపి, గంట కొట్టేసరికే వచ్చేశారు. అనకాపల్లి నుంచి వచ్చిన ఆవిడ కారు వీధి మలుపులో ఆగింది. సరిగ్గా అప్పుడే పిల్లలు అరుగు దిగి వీధి దాటుతున్నారు. పెద్ద పంతులమ్మగారు గబగబా గుమ్మంలోకి వచ్చి రాయవరం అమ్మాయిని రమ్మని చెయ్యి ఊపారు. పాఠం చెప్పే ఆవిడ ఎదురెళ్ళి నమస్కారం పెట్టడం ప్రతి బడిలోనూ ఆచారం. నేను వెనక గుమ్మంలో ఉన్నాను. నేను ముందుకి వెళ్ళినా పిల్లలకి నేనే ఎదురవుతాను. అక్కడే ఆగిపోయాను.

రాయవరం అమ్మాయి లేవలేదు. చేతులు రెండూ బల్ల మీద ఆన్చి కూర్చుంది. ఇన్‌స్పెక్ట్రెస్ గారు లోపలికి వచ్చారు. ఆవిడ వెనక పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చుంటున్నారు. ఆవిడ ఆమెనే చూస్తున్నారు. పెద్ద పంతులమ్మగారు కుర్చీ తెచ్చి వేశారు. ఆఖరి పిల్ల కూర్చుంది. అప్పుడు రాయవరం అమ్మాయి లేచి, రెండు చేతులూ జోడించింది.

"ఈమె నేను వచ్చినప్పుడు ఎందుకు లేవలేదు?" అని ఇన్‌స్పెక్ట్రెస్ గారు నన్ను ఇంగ్లీషులో అడిగారు. ఎదురు అన్న మాటకి ఇంగ్లీషు ఏమిటో నేను వెతుక్కుంటున్నాను. ఆ చూపుకే అర్థమయి రాయవరం అమ్మాయి తనే చెప్పింది.

"పిల్లలందరూ లోపలికొచ్చి కూకునేదాకా లేవనండి. అది నాకూ ఆళ్ళ తల్లులకీ ఒప్పందం. మీరు పెద్దోరు, క్షమించండి."

ఇన్‌స్పెక్ట్రెస్ గారు ఆమె చీర వంక చూశారు, చేతుల వంక చూశారు. తరవాత నా చేతుల వంక చూశారు. తమిళ దేశంలో కూడా ఇది ఉన్నదే గదా. "పాఠం మొదలుపెట్టమనండి," అని కుర్చీలో కూర్చున్నారు.

ఆ రోజు పాఠం తీసివేతలు. పదేసి చింతగింజలు చిన్న గుడ్డమూటల్లో కట్టి ఉన్నాయి. నాలుగు మూటలు, రెండు విడి గింజలు పెట్టి, వీటిలోంచి ఏడు గింజలు ఇవ్వమంది. పిల్లలు తికమకపడ్డారు. అరుగు ఇంటి పిల్ల లేచి ఒక మూట విప్పింది.

"మూట విప్పితే గింజలు పెరిగాయా?" అంది రాయవరం అమ్మాయి.

"పెరగలేదండి. విడిపోయాయంతే."

ఇన్‌స్పెక్ట్రెస్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

మే నెలలో ఫలితం వచ్చింది. పాఠానికి మంచి మార్కులే వచ్చాయి, నడవడికి మాత్రం తగ్గించారు. పై అధికారి వచ్చినప్పుడు లేవలేదని ఒక వాక్యం రాసి ఉంది. కిందనే ప్యాసయినట్టు సంతకం. పెద్ద పంతులమ్మగారికి ఆ వాక్యం నచ్చలేదు. రాయవరం అమ్మాయి మాత్రం, "నిజమే కదండీ, లేవలేదు," అంది. నేనైతే ఆ తగ్గించిన మార్కులు కలిపి చూసుకున్నాను. అవి వచ్చి ఉంటే ఆమె ఆ ఏడాది అందరిలోకీ మొదటిది అయ్యేది.

తీసుకెళ్ళడానికి మరిది బండి కట్టుకుని వచ్చాడు. బడి ముందు ఎడ్లని ఆపి, దిగకుండానే, "ఏటొదినా, పాసయ్యేవా? బండి ఎటు తిప్పమంటావు?" అన్నాడు.

"కొయ్యూరు ఏపు," అంది ఆమె. ఆ దారిలోని ఒక ఊళ్ళో ఒకే పంతులమ్మ ఉండే బడికి ఆమెని వేశారు. అతను బండి అటే తిప్పాడు. నిజంగానే ఒక్కమాట మీద ఉండే మనిషి.

1928 జూన్‌లో బడి తెరిచినప్పుడు టైంటేబుల్ రాస్తూ, మొదటి గంట లెక్కలు నాకు నేనే వేసుకున్నాను. పెద్ద పంతులమ్మగారు చదివి సంతకం పెట్టారు. రోజూ వీధి మేలుకోకముందే వెళ్ళి ఆ బల్ల వెనకే కూర్చునేదాన్ని. ఆఖరి పిల్ల కూర్చున్నాకే లేచేదాన్ని. దసరా దాకా ఒక్కరోజు తప్పలేదు.

సెలవులు అయ్యాక ఒకరోజు గుమ్మం పక్క కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటోంటే వెయ్యడానికి లేచాను. తిరిగేసరికి గంట కొట్టేశారు. గుమ్మానికి అడ్డంగా నేను, మెట్ల మీద పిల్లలు. నేను కదలలేకపోయాను. అరుగు ఇంటి పిల్ల అందరికంటే ముందుంది. తల ఎత్తి నన్ను చూసింది.

"జరగండి పంతులమ్మగారూ, గంటయిపోనాది," అని నన్ను పక్కకి తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.