అతుకులావిడ బాగుచేసిన కారు

వీధిలో అందరూ ఆమెను అతుకులావిడ అనేవారు. పగిలిన ఫైబర్ బంపర్లు, బానెట్లు, డోర్లు ఇంటి పక్క రేకుల షెడ్డులో అతికి ఇవ్వడం ఆమె పని. నేర్పింది భర్త. "పగులు ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న బెజ్జం వెయ్యి. లేకపోతే అది నిన్నడక్కుండా ముందుకు పోతుంది" అని మొదటిరోజే చెప్పాడు. ఫైబర్‌లోని గాజు నూగు గుచ్చుకుని ఆమె చేతులు గోక్కుంటుంటే చన్నీళ్లు తెచ్చి పోసేవాడు. అలాంటి మనిషి ఒక వాన సాయంత్రం అన్నగారి రెండు సీట్ల ఫైబర్ కారు నడుపుతూ, స్తంభాన్ని గుద్ది ప్రాణం వదిలాడు.

ఆమె కళ్లు ఇంకా ఆరకముందే బావగారు ఆ కారును లారీ మీద తెచ్చి షెడ్డు ముందు దింపించాడు.

"దీన్ని నువ్వే బాగుచెయ్యాలమ్మాయ్. బయట ఇస్తే అతుకు తెలిసిపోతుంది. కొనేవాడు రెడీగా ఉన్నాడు."

"నా వల్ల కాదు బావగారూ. ఇంకెవరికైనా ఇవ్వండి."

"మావాడు నా బండిని నాశనం చేసిపోయాడు. వాడి పెళ్లానివి, నువ్వు కాక ఎవరు చేస్తారు? షెడ్డు కూడా నాదేనని మర్చిపోకు."

గుమ్మంలోంచి అత్తయ్య అందుకుంది. "చెయ్యవే. చూస్తూ కూర్చుంటే వాడేమన్నా లేచొస్తాడా?"

కన్నకొడుకు గురించే ఆ మాట అన్నది.

చేసింది. బానెట్టు ముక్కలు బోర్లా పేర్చి, లోపలివైపు పగులు పొడవునా గాడి తీసింది. గాజునార చాప కత్తిరించి, రెసిన్ జిగురులో తడిపి, పొర మీద పొర పరిచింది. గాలి బుడగలు పోయేలా బ్రష్షుతో పొడిచింది. రెసిన్ గట్టిపడుతూ వేడెక్కింది. అరచెయ్యి ఆన్చి చూసింది. మనిషి ఒంటి వేడిలా తగిలేసరికి చటుక్కున లాక్కుంది. డోరు లోపలి పలక మీద ఎండిన మరక ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, గరుకు కాగితంతో అదీ గీకేసింది.

కొనేవాడు వచ్చాడు. బానెట్టు మీద వేళ్లు నడిపించి, "ఎక్కడన్నా గుద్దుకుందాండీ?" అని అడిగాడు.

"అబ్బే, గీత కూడా పడలేదు. కావాలంటే మా మరదల్ని అడగండి" అన్నాడు బావగారు.

"నా మొగుడు ఇందులోనే చచ్చిపోయాడండీ. ఆ బానెట్టు నాలుగు ముక్కలైంది. నేనే అతికాను" అంది ఆమె.

బావగారి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. వచ్చినవాడు వంగి, బానెట్టు కిందివైపు తట్టి చూశాడు. అయ్యో అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"నాలుగు ముక్కలా? భలే కలిపారండీ, తెలియనే లేదు. మరి ఇంజను?"

"ఇంజనుకేం కాలేదు." ఆ జవాబు ఆమె నోటి నుంచే వచ్చింది.

అతను ఎక్కి కూర్చున్నాడు. "నా కాళ్లు కాస్త పొడుగులెండి" అంటూ ఆమె భర్త కూర్చున్న సీటును వెనక్కి జరుపుకున్నాడు. బేరం కుదిరింది.

కారు వీధి మలుపు తిరగ్గానే బావగారు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నోరు మూసుకుని ఉండలేవా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అంటూ షెడ్డుకు తాళం వేశాడు. అత్తయ్య రెసిన్ డబ్బాలు, బ్రష్షులు ఈడ్చి వసారాలో పడేసింది. ఆపైన ఆమెతో మాట్లాడటమే మానేసింది.

కొద్దిరోజులకు ఎవరో ఒకతను పగిలిన బంపరు చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కారు కొన్నాయన పంపాడట.

"ఆ పోయినాయన కారు అతికింది మీరేనాండీ?"

"నేనే. ఇలా ఇవ్వండి" అంది. వసారాలో జాగా లేక, లోపలికి తీసుకెళ్లి మంచం మీద బోర్లా వేసుకుంది.