పైజమా తొడిగిన పందెం కుక్క

మోసీ టూహీకి కుక్కలంటే రోత. ఈ మాట వింటే మా ఊళ్ళో ఎవరైనా నవ్వుతారు, ఎందుకంటే ముప్పయి నాలుగేళ్ళు కాన్ లెహేన్ దగ్గర పందెం కుక్కలకు చాకిరీ చేసినవాడు మోసీ. కానీ చాకిరీ చేసినవాడికే తెలుస్తుంది. రోజూ తెల్లారకముందే లేచి, ఇనప కాగులో గొర్రె తలకాయలు ఉడకేసి, ఆ జిడ్డు నీళ్ళలో పాచిపోయిన రొట్టె నానబెట్టి, ఎనభై కుక్కల ముందు పోసేవాడు. ఆ కంపు చొక్కాతో ఆగదు, చర్మంలోకి దిగుతుంది. ఆదివారం చర్చిలో అతను కూర్చుంటే ముందు బల్లమీది వాళ్ళు మెల్లగా పక్కకు జరిగేవాళ్ళు.

భార్య నోరీన్ పెళ్ళయిన మొదటి వారమే రూలు పెట్టింది. పెరట్లో షెడ్డులో బట్టలు విప్పాలి, ఎర్ర సబ్బుతో ఒళ్ళు రుద్దుకోవాలి, ఆ తర్వాతే గడప తొక్కాలి. జనవరి మంచులోనూ అదే రూలు. "షెడ్డులో విప్పేసి రా" అని ఆవిడ వంటింటి కిటికీలోంచి కేకేస్తే వీధంతా వినబడేది. ఆ బట్టల వంక ఆవిడ చూసే చూపు ఒకటుండేది. చచ్చిన ఎలకను చూసినా ఆవిడ అంత మొహం పెట్టేది కాదు.

నోరీన్ పోయింది. నిరుడు మోసీ తుంటి ఎముక కూడా పోయింది. పని మానేసి, బస్సు డిపో వెనక కూతురు కార్మెల్ ఇంటికి వచ్చేశాడు. రాగానే చేసిన మొదటి పని, ఒక కొత్త ఉన్ని కోటు కొనుక్కోవడం. దానిమీద ఇంతవరకు ఒక్క కుక్క వెంట్రుక వాలలేదని చెప్పుకునేవాడు. ఇక మిగిలిన బతుకంతా మనిషిలా బతుకుదామనుకున్నాడు పాపం.

అక్టోబరులో అల్లుడు ఫింటన్ పందేలు మానిన కుక్కను ఇంటికి తెచ్చాడు. ఫింటన్ డబ్లిన్ పట్నం వాడు, బడిపంతులు, మంచి పనులు చెయ్యాలనే జబ్బున్నవాడు. నల్లటి కుక్క, ఎముకలు లెక్కపెట్టచ్చు, తొడలమీద బొచ్చు రాలి బోడిగా ఉంది. అది వంటింట్లోకి వస్తూనే ఎవరినీ చూడలేదు. తిన్నగా మోసీ కుర్చీ దగ్గరికి వచ్చి, తన బరువంతా అతని మోకాలిమీద వేసి ఆనుకుని నిలబడింది.

ఎనిమిదేళ్ళ ఓర్లా చప్పట్లు కొట్టింది. "తాతా! దానికి నువ్వే నచ్చావు!"

"తియ్యండి దీన్ని! నోరు చూడు, పెంటకుప్ప నయం. నా కోటు!"

తియ్యమని అరుస్తూనే, చేతి అలవాటు కొద్దీ, బొటనవేలితో దాని చెవి వెనక్కి మడిచాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళు కుక్క మొహం చూడరు, ముందు చెవి చూస్తారు. లోపల ఆకుపచ్చగా పొడిచిన పచ్చబొట్టు అక్షరాలు, అది ఏ కుక్కో చెప్పే గుర్తు. చదివి, చెవి వదిలేసి, టీ కప్పు అందుకున్నాడు.

"నీకు తెలిసిన కుక్కా, నాన్నా?" అంది కార్మెల్.

"కాన్ దగ్గర ఎనభై ఉండేవి. అందరి మొహాలూ గుర్తుపెట్టుకోడానికి నేనేమన్నా పాదిరీనా?"

అబద్ధం. అది నెడ్. తల్లి దగ్గరికి రానీయకపోతే వారం రోజులు తన పాత కోటు జేబులో పెట్టుకుని తిరిగి, సీసా పాలు పట్టిన కుక్కపిల్ల. చెవుల్లో సూది పొడిచిన రోజున కదలకుండా పట్టుకున్నదీ తనే. రెండేళ్ళు బాగానే పరిగెత్తింది. తర్వాత నాలుగో స్థానం, మళ్ళీ నాలుగు, ఆ తర్వాత ఐదు. ఒకరోజు పొద్దున్న కాన్ పేపరు లోంచి తల ఎత్తకుండానే, "వాణ్ణి కొండమీదికి తీసుకెళ్ళు" అన్నాడు.

కొండమీద ఒకడి దొడ్డి ఉంది. అక్కడికి వెళ్ళిన కుక్క తిరిగి రాదు. మోసీ వ్యాను తలుపు తీసి, తొడమీద చరిచి, నాలుకతో ఒక టక్కు కొట్టి, "హై అప్, నెడ్!" అన్నాడు. పందేనికే అనుకుని అది ఒక్క గంతులో ఎక్కింది. కొండమీద తాడు ఆ మనిషి చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. మధ్యాహ్నం పంది మాంసం, క్యాబేజీ కడుపునిండా తిన్నాడు. నెడ్ ఒక్కదాన్నే కాదు, ముప్పయి నాలుగేళ్ళలో ఎన్నింటినో అలాగే ఎక్కించాడు. ఒక్కసారీ అక్కడ నిలబడి చూడలేదు కాబట్టి తన చేతులు శుభ్రమేననుకున్నాడు. ఏం శుభ్రమో!

ఆ దొడ్లోంచి నెడ్ ఎలా బయటపడి దిక్కులేని కుక్కలను కాపాడే సంఘం వాళ్ళ చేతికి చిక్కిందో దేవుడికే తెలియాలి. బతికింది. అందులో మోసీ చలవ వీసమెత్తు లేదు.

ఇక మొదలయింది మోసీకి నరకం. ఆ కుక్కకు రాత్రి చలేస్తుందని మంచుబొమ్మలున్న పైజమా తొడిగారు. సోఫా దానికిచ్చేశారు. అది పడుకుని వదిలే గాలికి కిటికీలు తెరవాల్సి వచ్చేది. పొద్దున్నే ఫింటన్ దాని మొహం ఒళ్ళో పెట్టుకుని, కోడి వాసనొచ్చే పేస్టుతో పళ్ళు తోముతుంటే మోసీకి తింటున్న రొట్టె గొంతు దిగేది కాదు.

"మా నాన్న డెబ్బయి ఏళ్ళు బతికాడయ్యా. చచ్చేదాకా బ్రష్షు మొహం చూళ్ళేదు."

"అందుకేగా మావయ్యా, ఫోటోల్లో నోరు బిగించుకుని ఉన్నాడు," అన్నాడు ఫింటన్.

పశువుల డాక్టరు పదకొండు పళ్ళు పీకాడు. బురదలాంటి తిండి పెట్టి పుచ్చబెట్టారని చెప్పాడట. ఆ బురద పోసిన గరిటె ఎవరి చేతిలో ఉండేదో మోసీకి తెలుసు. ఆ రోజు భోజనం దగ్గర కుక్కను ఇంకాస్త గట్టిగా తిట్టాడు.

అసలు గొడవ పేరు దగ్గర వచ్చింది. సంఘం వాళ్ళ కాగితంమీద 'డూహాలో సెనేటర్' అని ఉంది. ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం "సెనేటర్! సెనేటర్!" అని పిలిచేవాళ్ళు. అది చెవి కూడా కదిపేది కాదు. ఎందుకు కదుపుతుంది? ఆ పేరు యజమాని రిజిస్టరులో రాయించుకునేది, మైకులో అరిచేది. కుక్కకు దానితో పనిలేదు. తిండి పెట్టేవాడు కుక్కల కొట్టంలో, అంటే కెన్నెల్లో, పిలిచే పేరే దాని పేరు. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కడికే తెలుసు, ఆ ఒక్కడు నోరు మెదపలేదు.

పదిహేను రోజుల్లో రెండుసార్లు గేటు దాటి పాల ఫ్యాక్టరీ రోడ్డెక్కింది. వీధివీధంతా సెనేటర్ అని గొంతు చించుకున్నా ఆగలేదు. డాక్టరు దాని తల వెనక చేరి చప్పట్లు కొట్టి చూశాడు. ఎనభై కుక్కల మొరుగుళ్ళ మధ్య పెరిగినదానికి చప్పట్లు ఒక లెక్కా! ఉలకలేదు. చెవుడని తేల్చేశాడు.

సంఘం ఆవిడ ఊనా ఫోన్లో ఖచ్చితంగా చెప్పేసింది. "లారీలు తిరిగే రోడ్డు పక్కన చెవిటి కుక్కను ఉంచనమ్మా. శనివారం వచ్చి తీసుకెళ్ళిపోతాను. మా కెన్నెల్లోనే ఉంటుంది, గోడలున్నాయి."

శనివారంతో పీడ విరగడవుతుందనుకున్నాడు మోసీ. నోరు మూసుకుంటే చాలు, అది అతనికి బాగా వచ్చిన విద్య. కానీ ఓర్లా ఊరుకోలేదు. చెవుడైతే చేతులతో మాట్లాడదామని కుక్క ముందు చతికిలబడి, "రా" అంటే ఇలా, "కూర్చో" అంటే ఇలా అని మూడు రోజులు సైగలు నేర్పింది. ఆ కుక్క ఓర్లా చేతులు చూసేది కాదు, ఓర్లా భుజంమీదుగా మోసీనే చూసేది. ఒకటి రెండుసార్లు పేరు అతని నాలుక చివరిదాకా వచ్చింది. పేరు చెబితే వెంటనే రాబోయే ప్రశ్న తలచుకుని, టీతో కలిపి మింగేశాడు.

శనివారం ఊనా తెల్ల వ్యాను వేసుకొచ్చి గేటు ముందు ఆపి, వెనక తలుపు తీసింది. ఆ తెరిచిన తలుపు చూడగానే కుక్క నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టింది. పైజమా లోపల ఒళ్ళంతా వణుకుతోంది. ఊనా ముందుకాళ్ళు పట్టుకుంది, ఫింటన్ వెనక చేరాడు. ఎత్తబోయేసరికి అది భయంతో ఫింటన్ బూట్లమీద పోసేసింది.

"సెనేటర్, మా బాబువి కదూ, ఎక్కమ్మా!" అని కార్మెల్ బతిమాలింది. ఓర్లా ఏడుపు బస్సు డిపో దాకా వినిపిస్తోంది.

గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మోసీకి ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువులు చదివి ఒక్క కుక్కను ఎక్కించలేరు! ఏం మనుషులు, ఏం చేతకానితనం! చిరాకులో చెయ్యి దానంతటదే తొడమీద చరిచింది. నాలుక టక్కుమంది.

"హై అప్, నెడ్!"

కుక్క ఒక్క గంతులో వ్యానులో ఉంది. లోపల చుట్టచుట్టుకుని కూర్చుని, మోసీ వంక చూస్తూ తోకతో ఇనప నేలను టపటపా కొడుతోంది.

ఓర్లా ఏడుపు ఆపేసింది.

"దీనికి చెవుడని ఎవరన్నారు?" అంది ఊనా.

కార్మెల్ తండ్రి వైపు తిరిగింది. "నెడ్ ఎవరు నాన్నా?"

"అదే. నేనే పెట్టాను ఆ పేరు."

"గుర్తులేదన్నావే?"

"అన్నాను."

"ఎందుకలా అన్నావు?" అడుగుతూనే ఆమె వ్యానులోకి చూసింది, కుక్క కూర్చున్న తీరు చూసింది. "ఇంతకుముందు దీన్ని ఎక్కడికి ఎక్కించావు నాన్నా?"

మోసీ కోటు బొత్తాం పట్టుకుని తిప్పాడు. "కొండమీదికి."

కార్మెల్ ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల. ఆ మాటకు అర్థం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె మొహంమీదికి నోరీన్ మొహం వచ్చింది, షెడ్డు మూల కుప్పగా పడేసిన బట్టలను చూసేటప్పటి మొహం.

"కొండమీద ఏముంది తాతా?" అని ఓర్లా అడిగింది.

ఊనా వ్యాను తలుపు పక్కకు జరిగింది. "పేరు పెట్టి పిలిస్తే వచ్చే కుక్కయితే నేను తీసుకెళ్ళాల్సిన పనిలేదు. కిందికి పిలవండి."

ఎక్కించడం ముప్పయి నాలుగేళ్ళు చేశాడు గానీ, ఒకసారి ఎక్కించినదాన్ని దించడం మోసీ ఎన్నడూ చెయ్యలేదు. తొడమీద చరవబోయిన చెయ్యి ఆపుకున్నాడు.

"నెడ్. రా."

దిగింది. అందరినీ దాటుకుని వచ్చి, ఉచ్చతో తడిసిన పైజమాతో సహా, ఉన్ని కోటుకు ఆనుకుని నిలబడింది. ఇలా ఆనుకున్న కుక్క కింద నుంచి జరిగితే అది పడిపోతుంది. మోసీ జరగలేదు. మిగిలిన పళ్ళతో చెయ్యి కరిచినా బాగుండేదనిపించింది. అది కరవలేదు, అరిచేయి నాకింది. కొండమీద తాడు వదిలేసిన చెయ్యి అదే. మోసీకి రోత పుట్టింది. ఈసారి ఆ రోత కుక్కమీద కాదు.

"తాతా, నెడ్ మనింట్లోనే ఉంటుందిగా?" అని ఓర్లా ఎగిరింది.

"ఉంటుంది," అంది కార్మెల్, కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తూ. గడప మీద ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "నాన్నా, షెడ్డులో విప్పేసి రా."

కూతురింటి పెరట్లోనూ ఒక షెడ్డుంది, మోసీ అటు నడిచాడు. షెడ్డులో నిలబడి కోటు విప్పాడు, చొక్కా విప్పాడు. చలికి ఒళ్ళు జలదరించింది. నెడ్ అతని వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి, తోక ఊపుతూ, మళ్ళీ ఎప్పుడు పిలుస్తాడా అని చూస్తోంది.