తాలింపు లేని పప్పు

ఈ రోజు చిల్కూరులో పొరుగువాణ్ణి ప్రేమించమన్న యేసు మాట గురించి గొంతు బొంగురుపోయేదాకా బోధించి, మొయినాబాదు దాకా నడిచి ఇల్లు చేరాను. యుద్ధం వచ్చాక కిరోసిన్ దొరకడం లేదు గనుక పొద్దు ఉండగానే తినడానికి కూర్చున్నాం. పప్పులో తాలింపు లేదు.

పక్కింటి బాలమ్మ మనవరాలికి మశూచి వచ్చింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. దగ్గర్లో ఎవరైనా తాలింపు పెడితే అమ్మవారికి కోపం వస్తుందని వాళ్ల నమ్మకం.

"ఉపదేశి ఇంట్ల కూడా అమ్మోరికి భయపడుడేనా?" అని నా భార్య రూతమ్మను గద్దించాను.

"నాకు భయం లేదు, బాలమ్మకున్నది," అన్నదామె. "తాలింపు వాసన గోడ దాటితే పిల్లకు ఎక్కువైతదని ఆ ముసలామె వణుకుతది. నాలుగు దినాలు చప్పిడి పప్పు తింటే మన విశ్వాసం ఏడికి పోతది?"

అంతలోనే గోడ అవతలి నుంచి బాలమ్మ గొంతు వినిపించింది.

"రూతమ్మా, మాకోసమే తాలింపు ఆపినవని తెలుసు బిడ్డా. మీ దేవునికి కూడా జర చెప్పు, మా పిల్లను చూడుమని."

ఆ ఇంటివాళ్ల నోట ఆ మాట వినాలని నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాను. వెంటనే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. పిల్ల పేరు నాకు తెలియదు.

"నీలమ్మ," అన్నది రూతమ్మ మెల్లగా.

మీ గోడ అవతలి పిల్ల పేరు మీకు తెలుసా? తెలిస్తే మీరు నాకంటే నయం.