పల్లిపట్టికి పోని చప్పుడు

"తమ్మీ, మీ బావ మనల్ని ఇడిశిపెట్టి పోయిండురా" అని అక్క ఫోన్లో చెప్పినప్పుడు నేను మొదట నమ్మలేదు. మా ఇంట్లో ఉత్తుత్తి కబుర్లు చెప్పేది నేనొక్కణ్నే. అక్కకు చేతకాదు. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట. ఖమ్మం దవాఖానా చేరకముందే అయిపోయింది.

మీలో గేర్ల సైకిల్ తొక్కేవాళ్లుంటే మా బావ మీకు నచ్చేవాడు. ఖమ్మంలో పాత రేసు సైకిల్ కొనుక్కుని, కొన్నాళ్లకే నాకూ ఒకటి అంటగట్టాడు. ఆదివారమైతే పినపాక నుంచి టేకు అడవి దారిలో ఇద్దరం పోయేవాళ్లం. ఎప్పుడూ నాకు కుడిపక్కన ఉండేవాడు.

నా సైకిల్లో ఏదైనా టక్కుమంటే, బావ దాన్ని తలకిందులు చేసి చూసేవాడు కాదు. నన్ను తొక్కమని, తానూ పక్కనే తొక్కుతూ మెడ వంచి వినేవాడు.

"తొక్కుడు ఆపు. ఊకె పోనియ్."

చప్పుడు ఆగితే అది పెడళ్ల దగ్గరో చైన్లోనో ఉన్నట్టు.

"ఇప్పుడు లేశి తొక్కు."

ఆగితే సీటుది.

"గేరు మార్చు."

చప్పుడు మారితే చైనుదో వెనక పళ్లచక్రాలదో.

"నాకు చెవుల్లేవా బావా?" అంటే, "తొక్కేటోనికి అంతా కాళ్ల కిందనే ఉన్నట్టు అనిపిస్తదిరా. పక్కన ఇంకొకడు ఉండాలె" అనేవాడు.

అంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే నేను ఊరుకుంటానా? ఒక ఆదివారం బావ పెడల్ తొక్కినప్పుడల్లా పక్కనుంచి నాలుకతో టక్కుమనిపించాను. ఆయన ఆగితే నేనూ ఆపేవాణ్ని. రోడ్డు పక్కన తువ్వాల పరిచి, పెడళ్లు విప్పి, గ్రీజు పెట్టి బిగించాడు. బయల్దేరాం. టక్. మళ్లీ విప్పాడు. మళ్లీ టక్. ఈసారి జేబులోంచి బెల్లం పల్లిపట్టి తీసి నా నోట్లో కుక్కాడు.

"నములు."

నమిలాను. కొంత దూరం పోయాక తిరిగి చూశాడు.

"సూశినవా బామ్మర్దీ, బందైంది. గ్రీజు దండగైంది."

నవ్వు ఆపుకోలేక ఇద్దరం సైకిళ్లు దిగి గడ్డిలో కూలబడ్డాం. అప్పటినుంచి ఎవరి సైకిల్లో చప్పుడొచ్చినా మొదటి మందు నాకే. బావ జేబులో ఎప్పుడూ పల్లిపట్టి ఉండేది.

బావ చనిపోవడానికి ముందురోజు ఫోన్ చేశాను.

"బావా, సైకిల్ టక్కుమంటుంది."

"పల్లిపట్టి తిన్నవా?"

"ఒట్టు బావా, ఇది నాది కాదు."

చాలాసేపు నవ్వాడు. "సరే తియ్. ఆదివారం పోదాం. పక్కనుంటా, వింటా."

నా మాటల్లో సగం ఉత్తవని తెలిసీ, ప్రతిసారీ చెవి పెట్టి విన్నది బావ ఒక్కడే.

దినాలు అయ్యాక ఒక ఆదివారం ఒక్కణ్నే బయల్దేరాను. తొక్కడం ఆపాను, చప్పుడు ఆగింది. లేచి తొక్కాను, ఉంది. గేరు మార్చాను, అలాగే ఉంది. అంటే పెడళ్ల దగ్గరే. ఎడమదో కుడిదో తెలియడం లేదు. అంతా కాళ్ల కిందే ఉన్నట్టు ఉంది. షాపులో ఇస్తే బాగుచేస్తారు. ఇవ్వబుద్ధి కాలేదు.

దారిలో కొన్న పల్లిపట్టి నోట్లో వేసుకున్నాను. నములుతూ తొక్కాను. కుడిపక్కన రోడ్డంతా ఖాళీ. ఎండిన టేకాకొకటి కొంతదూరం నాతోపాటు దొర్లి, ఆగిపోయింది.

టక్. టక్.